పులికాట్ సరస్సు వేసవిలో ఎక్కడికి పోతుంది? పక్కనే సముద్రం ఉంది కదా!

బండి మీద బాటసారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం వైపు. జనవరిలో నెల్లూరు నుంచి చెన్నైకి బండి మీద పోతూ సూళ్ళూరుపేటలో హైవే దిగి, శ్రీహరికోట రోడ్డు ఎక్కాను. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే. అటకానితిప్ప దాటాక బండి ఆపి అరగంట అలాగే నిలబడిపోయాను. దూరంగా తెల్లటి గీత ఒకటి కనబడింది. ఏదో నురగ అనుకున్నా. గీత కదిలింది. చూస్తే ఫ్లెమింగోలు, వందల్లో.

ఇంట్లోవాళ్ళకి చూపిద్దామని మే మొదటి వారంలో కారులో మళ్ళీ తీసుకెళ్ళాను. అదే రోడ్డు, అదే చోటు. నీటి చుక్క లేదు. బీటలు వారిన నేల, మీద తెల్లగా ఉప్పు పొర, దాని మీద మోటార్ సైకిల్ చక్రాల గుర్తులు! మా అమ్మాయి "నాన్నా, సరస్సు అన్నావు, ఇది గ్రౌండ్ కదా" అంది. పరువు పోయింది.

నా సందేహం ఒక్కటే. ఇది వాన నీళ్ళతో నిండే చెరువైతే ఎండిందంటే అర్థం చేసుకోవచ్చు. కానీ పక్కనే బంగాళాఖాతం ఉంది. ఆటుపోట్లకి సముద్రం నీళ్ళు లోపలికి వస్తాయని చదివాను. రోజూ సముద్రం పోటెక్కుతుంటే సరస్సు ఎలా ఎండుతుంది? అటువైపు వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గ్రూప్స్ గురి

సింపుల్ అండీ. ఎండాకాలం కదా, అన్ని చెరువుల్లాగే ఇదీ ఎండుతుంది. దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలకా మొదటిది, పులికాట్ రెండోది. ఈ బిట్ చాలాసార్లు వచ్చింది. కొల్లేరు కూడా ఈ టైపే.

గెడకర్ర

గ్రూప్స్ తమ్ముడూ, బిట్ వరకు కరెక్టే. చిలకా, పులికాట్ సముద్రం పక్కన ఇసుక దిబ్బ అడ్డుపడి ఏర్పడ్డ ఉప్పుటేరు సరస్సులు. కొల్లేరుది వేరే సంగతి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో నిలిచిన మంచినీళ్ళు అవి. పరీక్షలో రెండూ కలిపేసేవు, మార్కు పోద్ది.

బాటసారి గారూ, మాది తడ మండలంలో సరస్సు ఒడ్డు ఊరు. మా నాయన జీవితమంతా ఆ నీళ్ళలోనే పడవ తోశాడు. నేను మాత్రం ఫ్యాక్టరీ షిఫ్టులకి పోతున్నా, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందు లోతు గురించి చెప్పాలి. సరస్సు పొడవు 60 కిలోమీటర్లు, వెడల్పు కొన్ని చోట్ల 17 దాకా ఉంటుంది. లోతు మాత్రం సగటున మీటరే. మొలలోతు అనుకోండి. అందుకే మాకు తెడ్లు తక్కువ, గెడ ఎక్కువ. నాయన గెడ వెదురుది. అడుగు నుంచి నాలుగో కణుపు మీద నైలాన్ తాడు బిగించి చుట్టి ఉండేది. అది పట్టుకోవడానికేమో అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. కాదు, అది ఆయన కొలబద్ద. కార్తీకంలో గెడ దించితే తాడు మునిగేది. సంక్రాంతికి తాడు దగ్గర నీళ్ళు. ఉగాది నాటికి తాడుకి రెండు జానల కింద. ఆ తర్వాత గెడ పైకి లాగితే నీళ్ళకన్నా బురదే ఎక్కువ అంటుకుని వచ్చేది, నల్లగా, కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో. ఆ వాసన వచ్చిందంటే పడవ ఒడ్డుకి లాగి బోర్లించాల్సిందే.

ఇంత పల్చటి నీళ్ళకి మా ఎండలు. రోజుకి అర సెంటీమీటరు ఆవిరైనా వంద రోజుల్లో అర మీటరు పోయినట్టే. మా వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలవి. కాళంగి, ఆరణి, ఉత్తరాన స్వర్ణముఖి వైపు నీళ్ళు ఆ మూడు నెలల్లోనే వస్తాయి. మిగతా తొమ్మిది నెలలు సరస్సుకి దిక్కు సముద్రమే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. "పక్కనే సముద్రం" అన్నారు చూడండి, అక్కడే అందరూ పొరబడతారు. మీరు నిలబడిన చోటుకీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట దీవి గోడలాగా ఉంది. సముద్రం నీళ్ళు ఆ గోడ దూకి రావు. గోడకి ఉన్న గుమ్మాల్లోంచి రావాలి. వాటినే ముఖద్వారాలు అంటారు, మేం మొగ అంటాం. చెప్పుకోవడానికి మూడున్నాయి. దక్షిణాన తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ఒకటి, ఉత్తరాన రాయదొరువు, తూపిలిపాళెం. ఉత్తరాన ఉన్న రెండూ ఎక్కువ కాలం ఇసుకతో పూడిపోయే ఉంటున్నాయి. నికరంగా పనిచేసేది పళవేర్కాడు మొగ ఒక్కటే. మీరు బండి ఆపిన చోటు నుంచి అది ఇంచుమించు 30 కిలోమీటర్లు. అంత దూరం నుంచి, మొలలోతు నీళ్ళ మీద, రోజుకి రెండుసార్లు పోటు వచ్చి మీ కారు దగ్గరికి చేరాలి!

పైగా మా సముద్రంలో పోటు కూడా చిన్నదే. పున్నమికీ అమావాస్యకీ గట్టిగా ఎక్కితే మీటరు, ఆ పైన కొంచెం. అదే హుగ్లీ నది మొగలో నాలుగు మీటర్లు దాటుతుంది. మాకు ఆ సన్నటి మొగలోంచి లోపలికి దూరేసరికి సగం బలం పోతుంది, ఆ తర్వాత ప్రతి కిలోమీటరుకీ ఇంకొంచెం. పెద్ద తొట్టిని సన్న మూతి కూజాతో నింపినట్టు. కూజా ఒంపేలోపే సముద్రం మళ్ళీ పాటు పట్టేస్తుంది, లోపలికొచ్చిన నీళ్ళు వెనక్కి పోతాయి. దక్షిణం వైపు వాళ్ళకి మే నెలలో కూడా నీళ్ళుంటాయి. ఉత్తరం సగం ఎండి గ్రౌండవుతుంది. ఎండేముందు ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే సముద్రం కన్నా ఉప్పగా ఉంటాయి. సముద్రంలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటే, ఎండాకాలం మా సరస్సులో 50 కూడా దాటుతుంది. మీరు చూసిన తెల్లటి పొర అదే. చెప్పుల్లేకుండా నడిస్తే అప్పడం మాదిరి పటపటా విరుగుతుంది, అంచులు పాదాలకి గీసుకుంటాయి.

ఇంకో సంగతి చెప్తే కొందరికి నచ్చదు. మీరు వచ్చిన ఆ రోడ్డు కూడా సరస్సుకి అడ్డు కట్టలాంటిదే. కింద తూములున్నాయి, నీళ్ళు పారతాయి, కానీ వెనకటిలా బారుగా పారవు. రోడ్డుకి ఉత్తరాన మేట వేయడం మా కళ్ళ ముందు జరిగింది. రోడ్డు వద్దని నేననను. అది లేకపోతే ఆసుపత్రికి పోవాలన్నా పడవే. కానీ కారణాల్లో అదీ ఒకటి.

సరస్సు వైశాల్యం పుస్తకాల్లో "పోటులో 450 చదరపు కిలోమీటర్లు, పాటులో 250" అని రాస్తారు. ఒక రోజులో 200 చదరపు కిలోమీటర్లు ఎండి మళ్ళీ తడవడం నేనైతే ఎప్పుడూ చూడలేదు. అది వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య తేడా అని నా లెక్క.

బండి మీద బాటసారి

అన్నా, ఇది చదివి మా అమ్మాయికి చూపించా, పరువు కొంత తిరిగొచ్చింది. థాంక్స్. మరి ఆ ఉత్తరం మొగలు పూడిపోతే ప్రొక్లెయిన్ పెట్టి తవ్వేస్తే అయిపోదా? ఇంకోటి, పులికాట్ అనేది ఏ భాష? తెలుగులా లేదు, తమిళంలా లేదు.

గెడకర్ర

తవ్వడం మాకు కొత్త కాదు తమ్ముడూ. నాకు పన్నెండేళ్ళప్పుడు ఉత్తరం వైపు బంధువుల ఊరు పోయా. అక్కడ మగాళ్ళంతా పారలు, గంపలు తీసుకుని మొగ తవ్వడానికి బయల్దేరితే మేం పిల్లలం వెంటబడ్డాం. రెండ్రోజులు తవ్వారు. పున్నమి పోటుకి సముద్రం లోపలికి వచ్చింది. మొదట అరచెయ్యి వెడల్పు పాయ, చూస్తుండగానే మనిషి వెడల్పు, సాయంత్రానికి ఒడ్లు విరిగి పడుతూ పడవ పట్టేంత. జనం ఈలలు, కేకలు. ఒకాయన కొబ్బరికాయ కొట్టాడు. వచ్చే పున్నమికి పోయి చూస్తే ఇసుక మీద కుక్క పడుకుని ఉంది.

ఎందుకంటే మా తీరంలో ఇసుక ఊరికే ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఏటవాలుగా కొట్టి ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తుంటాయి. చెన్నై హార్బర్ గోడలు కట్టాక దక్షిణాన ఇసుక ఆగి మెరీనా బీచ్ అంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. ఆ నడిచే ఇసుకే మా మొగలకి దక్షిణం ఒడ్డు నుంచి నాలుకలా పెరుగుతూ వచ్చి మూసేస్తుంది. మొగ తెరిచి ఉండాలంటే రోజూ లోపలికీ బయటికీ పోయే నీళ్ళు ఆ ఇసుకని ఊడ్చుకుపోయేంత ఉండాలి. లోపల మేట వేసి లోతు పోయింది కాబట్టి పోయొచ్చే నీళ్ళు తక్కువ. నీళ్ళు తక్కువ కాబట్టి ఊడుపు తక్కువ. మొగ పూడుతుంది, పూడితే లోపల ఇంకా మేట. కాబట్టి మొగ ఒక్కటే తవ్వితే చాలదు, లోపలి కాలవలు కూడా తవ్వాలి. అదీ ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

మొగతో మాకెందుకింత గొడవ అంటే రొయ్య. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు కంటికి ఆనని సైజులో పోటు నీళ్ళతో పాటు మొగలోంచి సరస్సులోకి వస్తాయి. ఇక్కడి గడ్డిలో, బురదలో తిని పెరిగి మళ్ళీ సముద్రానికి పోతాయి. మొగ మూస్తే లోపలికి వచ్చే పిల్ల లేదు. మా నాయన ఒకసారి వల దులిపి, "ఈళ్ళకి వాకిలి తెలీలేదురా" అన్నాడు. నేను ఫ్యాక్టరీకి అప్లికేషన్ పెట్టింది ఆ ఏడే.

ఇక పేరు. మా పెద్దోళ్ళు ప్రళయ కావేరి అనేవాళ్ళు. పళవేర్కాడు తమిళ పేరు. పాత వేళ్ళ అడవి అని అర్థం చెప్తారు, ఒడ్డున మడ చెట్లుండేవి కాబట్టి. ఆ పళవేర్కాడు నోరు తిరగక తెల్లోళ్ళు పలియకట్ట, పులికాట్ అన్నారు. ఊరు పేరే సరస్సుకీ వచ్చింది.

పెనాంగ్ పనివాడు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నేను మలేషియాలో పదకొండేళ్ళుగా ఉంటున్నా. ఇక్కడ మగాళ్ళు ఇంట్లో, మసీదుకి పోయేటప్పుడు కట్టుకునే గళ్ళ లుంగీని కాయిన్ పెలికట్ అంటారు. మొదట్లో ఏదో మలయ్ మాట అనుకున్నా. ఒకరోజు బట్టల కొట్టు పెద్దాయన, తాతలది రామనాథపురం వైపట, "మీ దేశం ఊరి పేరేనయ్యా అది" అంటే నేను నమ్మలేదు. ఇంటికొచ్చి మ్యాప్ తీసి చూస్తే పులికాట్! నాలుగు వందల ఏళ్ళ కింద ఆ రేవు నుంచి వచ్చిన బట్ట పేరు ఇక్కడ ఇంకా కొట్లో బోర్డు మీద ఉంది. మన దగ్గర ఆ ఊరి పేరు చెప్తే "ఎక్కడ?" అంటారు. ఆ రేవులో వ్యాపారం చేసిన డచ్చివాళ్ళ సంగతి ఎవరైనా రాస్తారా?

గెడకర్ర

పెనాంగ్ అన్నా, లుంగీ సంగతి నాకు తెలీదు, బాగుంది. మా నాయన కట్టేది కూడా గళ్ళదే, పేరు అడగలేదు ఎప్పుడూ.

డచ్చివాళ్ళు 1610లో అక్కడ స్థలం సంపాదించారు. అప్పుడు విజయనగరాన్ని ఏలుతున్నది అరవీటి వంశం వెంకటపతిరాయలు. రెండేళ్ళకే, 1612లో, మైలాపూరు పక్కనున్న శాంథోమ్ నుంచి పోర్చుగీసువాళ్ళు వచ్చి డచ్చివాళ్ళ కొట్టు ధ్వంసం చేశారు. దాంతో 1613లో కోట కట్టేశారు, పేరు గెల్డ్రియా. 1690లో నాగపట్నానికి మార్చేదాకా కోరమాండల్ తీరంలో డచ్చివాళ్ళ హెడ్డాఫీసు అదే.

లెక్క ఏంటంటే, లవంగాలు, జాజికాయ దొరికే దీవుల్లో వెండి కన్నా మన నూలు బట్టకి గిరాకీ. ఇక్కడ బట్ట కొను, అక్కడ మసాలా దినుసులకి మార్చు, ఐరోపాలో అమ్ము. కోటలో నాణేలు కూడా ముద్రించారు, ఊళ్ళో తుపాకీ మందు తయారుచేశారు. బట్టతో ఆగలేదు. కరువులొచ్చినప్పుడు ఆకలికి అమ్ముడుపోయిన మనుషుల్ని కొని, బానిసలుగా ఓడలెక్కించి బటావియాకి పంపారు. ఇప్పటి జకార్తా అది. వేల మంది. ఆ మాట అక్కడికి వచ్చే టూరిస్టులకి చెప్పేవాళ్ళు తక్కువ.

పెద్ద ఓడలు సరస్సులోకి రావు, అంత లోతెక్కడిది! బయట సముద్రంలో లంగరేసి నిలబడేవి. సరుకు చిన్న పడవల్లో మొగ దాటాలి. అంటే ఐరోపా వ్యాపారం కూడా మా ఇసుక మొగ దయ మీదే నడిచింది. చివరికి 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది.

కోట ఇప్పుడు తుప్పలు. చూడాల్సింది శ్మశానం. గేటుకి రెండు పక్కలా రాతిలో చెక్కిన ఎముకల గూళ్ళు నిలబడి ఉంటాయి. నేను మొదటిసారి పోయింది పెళ్ళయిన కొత్తలో. మా ఆవిడ లోపలికి రానంది, గేటు బయటే చెట్టు కింద కూర్చుంది. నేనొక్కణ్ణే సమాధుల మీద చెయ్యి పెట్టి చూశా. గ్రానైటు మీద అక్షరాలు ఇప్పటికీ గోరుకి తగిలేంత పదునుగా ఉన్నాయి. మా సరస్సు నీళ్ళు ఉప్పు, గాలి ఉప్పు, మా ఇంటి కిటికీ ఇనప చువ్వలు ఆరేళ్ళు ఆగవు. ఆ రాళ్ళు అలాగే ఉన్నాయి.

వాకాడు గాలి

గెడకర్ర అన్నా, దక్షిణం దాకా పోయి మా ఉత్తరాన్ని మర్చిపోయావు. సరస్సు పై కొసన మా దుగరాజపట్నం ఉంది కదా. ఇంగ్లీషువాళ్ళకి పులికాట్‌లో డచ్చివాళ్ళతో పొసగక 1620ల్లో ఇక్కడికొచ్చి కొట్టు పెట్టుకున్నారు. వాళ్ళ కాగితాల్లో ఆర్మగాన్ అని ఉంటుంది. ఆరుముగం అనే స్థానిక పెద్దమనిషి పేరు మీద అలా పిలిచారంటారు. ఇక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి పోయి మద్రాసు స్థలం సంపాదించాడు. మా ఊరు కలిసొచ్చి ఉంటే చెన్నై మహానగరం వాకాడు పక్కన ఉండేది, స్థలాల రేట్లు తలచుకుంటే నిద్ర పట్టదు. విభజన చట్టంలో కూడా దుగరాజపట్నం పోర్టు అని రాశారు. నాలుగు వందల ఏళ్ళుగా ఓడ వస్తుందని చూస్తూనే ఉన్నాం.

గెడకర్ర

నిజమే వాకాడూ, తప్పు నాదే. అలాగే కాలవ కూడా మర్చిపోయా. బకింగ్‌హామ్ కాలవ మా సరస్సులోంచే పోతుంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైంది, తర్వాత సరస్సు దాకా, ఆ పైన కృష్ణా డెల్టా దాకా సాగింది. 1877-78 కరువులో మద్రాసు ఊళ్ళో ముక్క తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. మా తాత ఆ కాలవ మీద పడవ లాగాడు. గాలి ఉంటే చాప ఎత్తేవాళ్ళు. లేకపోతే గట్టు మీద నడుస్తూ భుజాన తాడు వేసుకుని లాగడమే. పోయేటప్పుడు సరుగుడు కట్టెలు, ఉప్పు, సున్నానికి గుల్ల. ఆ గుల్ల యాడిదంటారా? సరస్సు అడుగుదే. వేల ఏళ్ళ కింద చచ్చిన ఆల్చిప్పలు పొరలు పొరలుగా ఉంటాయి. ఆరేడు వేల ఏళ్ళ కింద సముద్రం పైకొచ్చి ఇక్కడ నిలిచాక, ఇసుక దిబ్బ లేచి లోపలి నీళ్ళని వేరు చేసింది. అప్పటి సముద్రాన్ని గంపల్లో ఎత్తి మద్రాసు మేడలకి సున్నం కొట్టారన్నమాట. తాత కుడి భుజం మీద తాడు కాయ చచ్చేదాకా ఉంది, నిమ్మకాయంత.

బండి మీద బాటసారి

అన్నా, చివరి ప్రశ్న. ఈసారి పిల్లల్ని తీసుకొచ్చి పరువు పూర్తిగా నిలబెట్టుకోవాలి. ఎప్పుడు రావాలి?

గెడకర్ర

డిసెంబరు చివర, జనవరి. ఫ్లెమింగోకి మోకాలి లోతు నీళ్ళు కావాలి, తల కిందులు చేసి ముక్కుతో బురద నీళ్ళు జల్లెడ పడుతుంది కదా. వానలు జాస్తిగా పడి సరస్సు నిండుగా ఉంటే రోడ్డు దగ్గరికి రావు, లోతు తగ్గే వైపు పోతాయి. అందుకే వచ్చే ముందు ఇక్కడ ఒక మాట అడుగు, నీళ్ళెంత ఉన్నాయో చూసి చెప్తా. నాయన గెడ ఇంకా చూరు కింద ఉంది.

పొద్దున ఏడుకల్లా అటకానితిప్ప దగ్గరుండాలి. ఎండ ఎక్కితే నీళ్ళ మీద ఆవిరి ఆడి పక్షులు మసగ్గా కనిపిస్తాయి. బైనాక్యులర్స్ తెచ్చుకోండి. గులాబీ రంగు లేకుండా బూడిద రంగులో ఉన్నవి కనిపిస్తే వేరే పక్షి అనుకునేరు, అవి పిల్లలు. గూడబాతులు కావాలంటే నేలపట్టు, దొరవారిసత్రం దగ్గర, హైవేకి దగ్గరే. పడవ ఎక్కాలంటే తడ దగ్గర భీములవారిపాళెం రేవుకి రండి. ఇరకం దీవికి పోయే జనం అక్కడే ఎక్కుతారు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మాత్రం వద్దు, రోడ్డు మీద ఆపేస్తారు.

అమ్మాయికి చెప్పు, మే నెలలో చూసింది కూడా సరస్సే అని. కావాలంటే ఆ గ్రౌండ్‌లో జానెడు తవ్వి చూడమను, నల్ల బురద తగులుద్ది.